వేరుశనగ మొలక పలచగా వచ్చిందా? దున్నేసి మళ్ళీ విత్తాలో వద్దో తేల్చుకోవడం ఎలా

ముంగారులో విత్తనం పడిన పది పన్నెండు రోజులకు అనంతపురం జిల్లాలో ఏ రచ్చకట్ట దగ్గర కూర్చున్నా వినపడే మాట ఇదే: "మొలక సగం కూడా రాలేదప్పా, దున్నేసి మళ్ళీ వేద్దామా?" అడిగినవాడి ముఖంలో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది. జవాబు చెప్పేవాళ్ళకు ఏ టెన్షనూ ఉండదు. "దున్నెయ్ పో" అని ఒకరు, "ఉండనీలే, కమ్ముకుంటుంది" అని ఇంకొకరు. ఇద్దరూ చేనులో దిగి చూసి ఉండరు.

ఈ నిర్ణయంలో చాలామంది పొరపడేది ఒక్కచోటే. ఇప్పుడున్న పలచటి చేనును, నిండుగా మొలిచి ఉంటే ఎలా ఉండేదో ఆ చేనుతో పోల్చుకుని బాధపడతారు. ఆ చేను ఇక రాదు. పోల్చాల్సింది మళ్ళీ పదును (విత్తడానికి సరిపడా నేల తడి) దొరికిన రోజున విత్తబోయే చేనుతో. ఆ పదును వారంలో దొరకొచ్చు, నెల దాటొచ్చు. వానాధారపు ఎర్రనేలల్లో మొక్కల లెక్క కన్నా తేదీ లెక్కే ఎక్కువ బరువు తూగుతుంది. ఇక్కడ రాసేదంతా అలాంటి చేల గురించే. బోరు కింద వేసినవాళ్ళకు పదును చేతిలో ఉంటుంది కాబట్టి సగం సమస్య తీరినట్టే.

తొందరపడి లెక్కపెట్టకండి

పదును బాగుంటే వేరుశనగ అయిదారు రోజులకు నేల పగలగొట్టుకుని పైకి వస్తుంది, పది పన్నెండు రోజులకు రావాల్సినవన్నీ వచ్చేస్తాయి. ఏడో రోజున చూసి గుండెలు బాదుకోవద్దు. పన్నెండో రోజున మొదటి లెక్క తీయండి. విత్తాక బెట్ట వచ్చి పైమట్టి ఆరిపోయి ఉంటే, ఒక వాన పడ్డాక ఇంకో వారం ఆగి మళ్ళీ చూడండి. గింజ చెడకుండా పొడిమట్టిలో ఉండిపోయిన చోట రెండో విడత మొలక వస్తుంది.

ఆగడంలో ఇంకో లాభం ఉంది. మొదలు కుళ్ళు తెగులు ఉన్న చేలో మొలిచిన మొక్కలు కూడా రెండు మూడు వారాలు చనిపోతూనే ఉంటాయి. పన్నెండో రోజున లెక్కకు వచ్చిన మొక్క ఇరవై అయిదో రోజుకు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే చావు కనిపిస్తున్న చేలో నాలుగైదు రోజుల తేడాతో రెండుసార్లు లెక్క తీయాలి. రెండో లెక్క ఇంకా తగ్గుతుంటే ఆ తగ్గుదలను కూడా మనసులో పెట్టుకోవాలి.

పది మీటర్ల తాడు

గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే చేను చిక్కగా ఉన్నట్టుంటుంది. సాళ్ళ మధ్య నిలబడి కిందికి చూస్తే ఖాళీగా ఉన్నట్టుంటుంది. రెండింటినీ నమ్మొద్దు. ఒక నైలాన్ తాడు తీసుకుని సరిగ్గా పది మీటర్లకు ముడి వేయండి.

వానాధారంలో వేరుశనగకు చెప్పే దూరం సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు. అంటే పది మీటర్ల సాలులో వంద మొక్కలు ఉండాలి. తాడు పరిచి లెక్కపెట్టండి, వచ్చిన సంఖ్యే శాతం. 62 మొక్కలు వస్తే 62 శాతం, అంతే. కాగితం, కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఎకరా లెక్క కావాలనుకుంటే తాడు మీద ఒక్కో మొక్కకు ఎకరాకు సుమారు 1,350 మొక్కలు. వందకు లక్షా ముప్పై అయిదు వేలు. మీ విత్తే గొర్రు సాళ్ళు 22.5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తాడు 13 మీటర్ల 30 సెంటీమీటర్లు తీసుకోండి, లెక్క సరిపోతుంది.

నాలుగైదు ఎకరాల చేనుకు పది చోట్ల తీయాలి. చోటు మీరు ఎంచుకోవద్దు. కన్ను ఎప్పుడూ మరీ బాగున్న చోటికో, మరీ పోయిన చోటికో లాగుతుంది. వెనక్కి తిరిగి రాయి విసరండి, పడ్డచోటి నుంచి తాడు పరచండి. గట్టు పక్క నాలుగు సాళ్ళు మాత్రం వదిలేయండి, అక్కడ ట్రాక్టర్ మలుపులూ ఉడతలూ కలిసి లెక్క చెడగొడతాయి.

ప్రతి తాడు దగ్గరా రెండు సంగతులు రాసుకోండి: మొక్కలెన్ని, అన్నిటికన్నా పెద్ద సందు ఎంత. రెండోది చాలామంది వదిలేస్తారు. 55 మొక్కలు సమంగా పరుచుకుని ఉంటే గుత్తి రకాలు (నేల మీద పాకకుండా నిటారుగా పెరిగేవి) కూడా కొమ్మలు వేసి, ఒక్కో మొక్కకు కాయలు పెంచుకుని కొంత లోటు తీరుస్తాయి. జానెడు సందును పక్క మొక్కలు కమ్ముకుంటాయి. రెండు మూరల సందును ఏ మొక్కా కమ్మదు, అక్కడ కలుపు కమ్ముతుంది. కాబట్టి 55 ఉన్న రెండు చేలు ఒకటి కావు. పది తాళ్ళలో ఏడింటికి 75, మూడింటికి 10 వచ్చిందంటే ఆ చేను మొత్తం పలచన కాలేదు, మూడు చెక్కలు పోయాయని అర్థం. దానికి మందు వేరు.

ఇంకో మాట. వంద రాలేదని దిగులు పడొద్దు. వంద గింజలు 40 గ్రాములు తూగే విత్తనం ఎకరాకు 60 కిలోలు వేస్తే పడేవి లక్షన్నర గింజలు. వేరుశనగ విత్తనానికి నిబంధనల ప్రకారం ఉండాల్సిన కనీస మొలకశాతం 70. ఆ లెక్కన అన్నీ కలిసొచ్చినా మొలిచేవి లక్షా అయిదు వేలు, మన తాడు మీద 78. అంటే 75 వచ్చిన చేను దాదాపు మీరు వేసినంతా మొలిచిన చేనే.

తవ్వి చూడండి, కారణం అక్కడే ఉంటుంది

మొలవని చోట ఎందుకు మొలవలేదో తెలియకుండా మళ్ళీ విత్తితే డబ్బును అదే గుంతలో రెండోసారి పోసినట్టే. కలుపు తీసే తొలిక తీసుకుని, సాలు వెంట సందు ఉన్న చోట మూరెడు పొడవున మెల్లగా మట్టి తీయండి. పార వేస్తే గింజ ఎగిరిపోతుంది, ఏమీ తెలియదు.

గింజ దొరికి, గట్టిగా, తోలు ఊడకుండా ఉంటే దానికి తేమ అందలేదు. గోటితో చీల్చండి. లోపల తెల్లగా, తాజా వాసనతో ఉంటే ఇంకా బతికే ఉంది, వాన కోసం ఆగొచ్చు. పసుపు తిరిగి, ముక్కిన వాసన వస్తే ఆశ వదులుకోండి.

గింజ మొలకెత్తి, తెల్లటి కాడ లావెక్కి, పైకి రాలేక పక్కకు వంగి మెలిక పడి ఉంటే పైపొర గట్టిపడిందని అర్థం. విత్తాక దెబ్బవాన పడి, వెంటనే ఎండ కాస్తే ఎర్రనేల పైన పెంకు కడుతుంది. వేలితో ఎత్తితే పలక లేచినట్టు లేస్తుంది. దీనికి దున్నడం అక్కర్లేదు. పెంకు మరీ ఎండకముందే తేలికపాటి ముళ్ళకంప సాలు వెంట లాగితే చిట్లిపోతుంది. కొన్ని మొలకలు విరుగుతాయి, విరగనీయండి. ఒక చిన్న జల్లు పడినా ఇదే పని జరుగుతుంది. పెంకు కింద చిక్కుకున్న చేను నాలుగు రోజుల్లో రూపు మార్చుకోవడం చూసినవాళ్ళు ఈ దశలో దున్నరు.

గింజ మెత్తబడి, కుళ్ళి, మీద మసిలాంటి నల్లటి పొడి ఉంటే అది ఆస్పర్జిల్లస్ బూజు. పైకి వచ్చిన మొక్కల్లోనూ వాడినదాన్ని పీకి చూడండి. భూమికి ఆనుకుని ఉండే మొదలు దగ్గర కాండం కుళ్ళి అదే నల్లటి పొడి కనిపిస్తే మొదలు కుళ్ళు. విత్తనశుద్ధి చేయని, అంటే గింజకు మందు పట్టించకుండా వేసిన చేలోనూ, పోయిన ఏడాది అదే పంట వేసిన చేలోనూ ఇది ఎక్కువ. ఇది విత్తనంలోనూ ఉంటుంది, నేలలోనూ ఉంటుంది. మిగిలిన విత్తనాన్నే శుద్ధి చేయకుండా మళ్ళీ వేస్తే ఫలితమూ మళ్ళీ అదే.

గింజ చాలా లోతున దొరికితే తప్పు గొర్రుది. రెండంగుళాలు సరిపోతుంది. మూడు దాటితే మొలక అలిసిపోతుంది, వచ్చినా నీరసంగా వస్తుంది.

అసలు గింజే లేకపోతే రెండు దారులు. సాలు పొడవునా సందు ఉండి, పక్క సాలు నిండుగా ఉంటే గొర్రు గొట్టం మూసుకుపోయి ఉంటుంది. అక్కడక్కడా మట్టి కెలికి, తోలు ముక్కలు పడి ఉంటే ఉడతలో, కాకులో, అడవి పందులో. పందులైతే మళ్ళీ విత్తే ముందు వాటి సంగతి చూసుకోవాలి, రెండో విత్తనమూ వాటి మేతే అవుతుంది. మొలక వచ్చి కింద వేరు కొరికేసి ఉంటే వేరుపురుగు కోసం చుట్టూ తవ్వి చూడండి, తెల్లగా వంకర తిరిగి పడుకుని ఉంటుంది.

తేదీ ఏం చెబుతుంది

మన ప్రాంతంలో సాధారణంగా ఎక్కువ వాన పడే నెల సెప్టెంబర్. వేరుశనగ 25–30 రోజులకు పూతకు వస్తుంది, 40–45 రోజులకు ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగుతాయి, ఆ తర్వాత నెలా నెలన్నర కాయ ఊరే కాలం. ఆ కాలంలో నేలలో తడి ఉండాలి. జూలై మధ్యలో విత్తిన పంటకు ఆగస్టు ఆఖరున ఊడలు దిగి, సెప్టెంబర్ వానలకు కాయ ఊరుతుంది. ఇది మంచి అమరిక. ఆగస్టు 15న విత్తినదానికి ఊడలు దిగేసరికే సెప్టెంబర్ ఆఖరు, కాయ ఊరేది అక్టోబర్, నవంబర్లలో. అప్పటికి నైరుతి వెళ్ళిపోయి ఉంటుంది. తుపాను మీద పెట్టుకున్న ఆశతో సేద్యం చేయలేం.

అందుకే నా హద్దులు ఇవి. పునర్వసు కార్తె దాకా, అంటే జూలై 18–19 వరకు, చేను మరీ పోయి ఉంటే వేరుశనగే మళ్ళీ వేయొచ్చు. పుష్యమి కార్తెలో, ఆగస్టు 1–2 వరకు, తాడు లెక్క 35 లోపు ఉంటేనే. ఆశ్లేష వచ్చిందంటే వేరుశనగ మాట మరిచిపోయి, ఉన్నది కాపాడుకోవడమో, వేరే పంటకు మారడమో చేయాలి. కొందరు పెద్దవాళ్ళు ఆశ్లేషలో వేసినా పండిన సంవత్సరాలు చెబుతారు. పండిన ఏడాది గుర్తుంటుంది, పోయిన ఏళ్ళు ఎవరూ చెప్పరు.

రకాన్ని బట్టి కొంత తేడా ఉంటుంది. కదిరి-6 లాంటి నూరు, నూట అయిదు రోజుల రకాలకు ఉన్న వెసులుబాటు కదిరి లేపాక్షి లాంటి ఎక్కువ కాలం తీసుకునే రకానికి ఉండదు. రెండోసారి విత్తేటప్పుడు తక్కువ కాలపు రకమే చూసుకోండి.

రూపాయల లెక్క

ఇక్కడ వేసే అంకెలు ఉదాహరణకే, మీవి మీరు పెట్టుకోండి. మీ చేను మంచి ఏడాది ఎకరాకు 5 క్వింటాళ్ళ కాయ ఇస్తుందనుకుందాం. తాడు లెక్క 55, సందులు చిన్నవే. సగం మొక్కలుంటే దిగుబడి సగం అని కాదు కాబట్టి మూడున్నర క్వింటాళ్ళు అనుకోండి. జూలై 18న మళ్ళీ విత్తితే ఆలస్యం వల్ల కొంత తగ్గి 4 క్వింటాళ్ళు వస్తుందనుకుందాం. తేడా అర క్వింటాలు. 2025–26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. చేతికి 7,000 అందుతుందనుకుంటే ఆ తేడా విలువ 3,500. మళ్ళీ విత్తే ఖర్చు? గింజలు కిలో 100 రూపాయలైతే 60 కిలోలకు 6,000. ట్రాక్టర్, గొర్రు, మందు కలిపి ఇంకో 2,000 అనుకుంటే 8,000. మూడున్నర వేల కోసం ఎనిమిది వేలు పెట్టడం తెలివైన పని కాదు.

అదే చేలో లెక్క 25 అయితే, ఉన్నది ఒకటిన్నర క్వింటాలు ఇస్తుందనుకుందాం. తేడా రెండున్నర, అంటే 17,500. ఇప్పుడు విత్తొచ్చు. ఇదే 25 ఉన్న చేను ఆగస్టు 10న చూస్తే కొత్త పంట అంచనా రెండు క్వింటాళ్ళకు పడిపోతుంది, తేడా మళ్ళీ అర క్వింటాలే.

ఖర్చును ధరతో భాగిస్తే మీ హద్దు దొరుకుతుంది. 8,000ను 7,000తో భాగిస్తే క్వింటాలు పైచిలుకు. కొత్త చేను పాతదానికన్నా కనీసం అంత ఎక్కువ ఇస్తుందని నమ్మకం ఉండాలి. నేనైతే దానికి ఇంకో సగం కలిపి చూస్తాను. రెండో విత్తనం కూడా మొలవకపోవచ్చు కదా. విత్తనం అప్పు మీద తెచ్చేవాళ్ళు వడ్డీ కూడా కలపాలి.

పలచటి చేను ఉంచుకోవడంలోనూ ఖర్చుంది. ఖాళీ నేలలో కలుపు విజృంభిస్తుంది, కూలి పెరుగుతుంది. దానికన్నా పెద్ద సంగతి తామరపురుగులతో వచ్చే వైరస్ తెగుళ్ళు. 2000లో కాండం కుళ్ళు వైరస్ అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో వేరుశనగను దెబ్బతీసింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే వైరస్‌ను తామరపురుగులు పంటకు చేరుస్తాయి. మొక్కలు చిక్కగా ఉన్న చేను దీన్ని కొంత తట్టుకుంటుంది, పలచటి చేను తట్టుకోలేదు. కాబట్టి పలచగా ఉంచుకోవాలనుకుంటే గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయడం మొదటి పని.

మధ్య దారి: చెక్కలు, సందులు

చేను చెక్కలు చెక్కలుగా పోయి ఉంటే ఆ చెక్కల్నే గుంటక (పైపైన మట్టిని, మొక్కల్ని కోసే పనిముట్టు) తోలి విత్తుకోండి, మిగతాది ముట్టుకోవద్దు. పోయిన చెక్క చిన్నదైతే అందులో వేరుశనగ కాకుండా వేరే పంట వేయడం మేలు. కాయ ఒకేసారి పీకాలి కాబట్టి రెండు వయసుల వేరుశనగ ఒకే చేలో ఉంటే కోతకు చిక్కు.

ఇదే కారణానికి పాత సాళ్ళను ఉంచి, మధ్యలో మళ్ళీ గొర్రు తోలడం నాకు నచ్చదు. ముందుది పండేసరికి వెనకది పచ్చికాయ. వెనకదాని కోసం ఆగితే, ముందుది గుత్తి రకం కాబట్టి వాన పడగానే నేలలోనే మొలకెత్తుతుంది.

పొడవాటి సందుల్లో కంది, ఆముదం, అలసంద పెట్టుకోవచ్చు. వేరుశనగలో ఏడు లేదా పదకొండు సాళ్ళకు ఒక కంది సాలు ఎలాగూ సిఫార్సులో ఉన్నదే. మీరు కంది వేయకుండా వదిలేసి ఉంటే సందులే ఆ పని చేయిస్తాయి. వేరుశనగ గింజతోనే సందు పూడ్చాలనుకుంటే పన్నెండో రోజున మొదటి లెక్క తీసిన వెంటనే, గింజ నానబెట్టి, చేత్తో పెట్టాలి.

మళ్ళీ విత్తాలనే తేలితే

వాన పడకముందు దున్నొద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఇప్పుడే దున్నితే ఉన్న కాస్త పదునూ పోతుంది, వాన రాకపోతే పలచటి చేను కూడా మిగలదు. విత్తనం, మందు, గొర్రు సిద్ధంగా పెట్టుకోండి. పదును వాన పడ్డాక గుంటక తోలి పాత మొక్కల్ని కోసేసి, ఆ పదునులోనే విత్తండి. మడక వేసి లోతుగా తిరగేయాల్సిన పని లేదు.

విత్తనాన్ని ముందే పరీక్షించుకోండి. బస్తాలో పైనా, మధ్యా, కిందా తీసిన వంద గింజల్ని తడి గోనెసంచిలో వరుసగా పరిచి చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. వారం, పది రోజులకు మొలిచినవి లెక్కపెడితే మొలకశాతం వచ్చినట్టే. 70 లోపు ఉంటే ఆ బస్తా వద్దు. మిషన్‌లో ఒలిచి తోలు ఊడిన గింజలు, బద్దలైనవి ఏరేయండి.

విత్తనశుద్ధికి కిలో గింజలకు మాంకోజెబ్ 3 గ్రాములు లేదా టెబ్యుకొనజోల్ 1 గ్రాము. వైరస్ తెగుళ్ళున్న చోట ఇమిడాక్లోప్రిడ్ 2 మిల్లీలీటర్లు కూడా పట్టించాలి. డ్రమ్ములో మెల్లగా తిప్పండి, గట్టిగా రుద్దితే తోలు ఊడుతుంది. నీడలో ఆరాకే గొర్రులోకి. మిగిలిన మందు గింజలు వంటింటి దగ్గరికి రానివ్వొద్దు.

పంట మార్చాలనే తేలితే

ముందు ఒక ప్రశ్న: విత్తగానే పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టారా? కొట్టి ఉంటే కొర్ర, సజ్జ, జొన్న లాంటి సన్నగింజ పంటలకు అది దెబ్బ. అలాంటి చేలో అలసంద, పెసర, ఉలవ వైపు వెళ్ళండి. ఇమాజెథాపైర్ అనే కలుపు మందు కొట్టిన చేలోనూ జొన్న, సజ్జ జోలికి పోవద్దు.

మందు బెడద లేకపోతే జూలై ఆఖరుదాకా కంది, ఆగస్టు మొదటి పక్షంలో కొర్ర, సజ్జ. కొర్రలో నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన సూర్యనంది 70–75 రోజుల్లో వస్తుంది, ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. ఆగస్టు రెండో పక్షంలో పెసర, అలసంద, పశువులకు జొన్న చొప్ప. అన్నిటికన్నా చివర ఉలవ, సెప్టెంబర్‌లో కూడా వేసుకోవచ్చు, ఎకరాకు ఎనిమిది నుంచి పది కిలోలు. ఉలవను చిన్నచూపు చూడొద్దు. పెట్టుబడి తక్కువ, గింజ తక్కువైనా మేత మిగులుతుంది. కరువు ఏళ్ళలో ప్రత్యామ్నాయ విత్తనాలు పెద్ద రాయితీతో ఇచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి రైతు సేవా కేంద్రంలో అడగకుండా బయట కొనొద్దు.

గుంటక తోలే ముందు కాగితాలు

విత్తనమే చెడ్డదని అనుమానం ఉంటే బస్తా, దాని మీది ట్యాగు, బిల్లు, కిలో మిగిలిన గింజలు దాచండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. అది లేని సంచిలో కొన్నదానికి బిల్లు కూడా లేకపోతే ఫిర్యాదుకు ఆధారమే ఉండదు. గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి చేను ఉండగానే పిలిచి చూపించండి, తాడు పరిచి ఉన్న సాళ్ళ ఫోటోలు తేదీతో తీయించండి. దున్నేశాక చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) వేరుశనగ అని ఎక్కి, చేలో ఉలవ ఉంటే బీమా దగ్గరా, అమ్మకం దగ్గరా చిక్కు తప్పదు. పంట మార్చినా, అదే పంట కొత్త తేదీన విత్తినా నమోదు సరిచేయించుకుని, ఫోనుకు వచ్చిన సందేశం చెరపకుండా ఉంచుకోండి.